ఇంటా బయటా: బీరుకీ ఒక తోడు

ఈ వారం టపాలో సగానికి సగం ఉత్తరాలు పెరుగు గురించే. చలి మొదలయిందంటే యేటా ఇదే గోల. "తోడుకోవడం లేదండీ" అని ఒకరు, "జిగురొస్తోందండీ" అని ఒకరు, "తెల్లారేసరికి నోట పెట్టలేనంత పులిసిపోతోందండీ" అని మరొకరు. వాళ్ళకి జవాబు చివర చెబుతాను. ముందు ఒక ఉత్తరం సంగతి చెప్పాలి. అది కూడా తోడు గురించినదే. కాని పెరుగు తోడు కాదు, బీరు తోడు!

కంగారు పడకండి. రాసినావిడ కృష్ణా జిల్లాకి చెందిన ఒక తల్లి. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్ళారు. ఒకనాడు వంటింటి గట్టు మీద, సరిగ్గా ఆవిడ పెరుగు గిన్నె పక్కనే, సన్నటి మెడ ఉన్న గాజుబుడ్డి ఒకటి కనిపించింది. మూతికి అల్యూమినియం రేకు టోపీ. లోపల బురద నీళ్ళలాంటిదేదో ఉంది. వాసన చూస్తే పులిసిన పిండి వాసన. పాడైన చారేమో అనుకుని ఆవిడ దాన్ని తూములో పారబోసి, బుడ్డిని పీచుపెట్టి తోమి, శుభ్రంగా బోర్లించారు.

సాయంత్రం కొడుకు వచ్చి చూసుకున్నాడు. అరవలేదు. "పోనీలే అమ్మా" అని గదిలోకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులుగా "తిన్నావా," "మందులు వేసుకున్నావా" అన్న మాటలే తప్ప మరో మాట లేదట. అది బీరులో వేసే తోడని తరవాత కోడలు చెప్పింది. "మీరు రోజూ పాలల్లో వేస్తారు చూడండి అత్తయ్యా, అలాంటిదే" అని కూడా అందట.

ఆ తల్లి నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. నేను పారబోసింది అసలు ఏమిటి? మా ఇంటా వంటా లేని ఈ పని వాడు చెయ్యడం నేరం కాదూ? కోడలు చెప్పింది నిజమా, నన్ను ఊరడించడానికి అన్న మాటా?

మూడో ప్రశ్నకి జవాబు దొరికితే మిగిలిన రెండూ తేలికవుతాయి కాని, వరసగానే చెప్పుకుందాం. నేను బీరు తాగను. అయినా ఆ తోడు పెట్టడం కళ్ళారా చూశాను. కాలిఫోర్నియాలో మా అక్క కొడుకు పెడుతూంటే పక్కన కూచుని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాను.

బీరుకి మూలం బార్లీ. గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్టు అవుతుంది. దాన్ని వేడినీళ్ళలో నానిస్తే తియ్యటి కషాయం దిగుతుంది. అందులో హాప్స్ అనే పూలు వేసి కాస్తారు, చేదుకోసం. ఇంతవరకూ అది వట్టి కషాయం. అందులో మత్తూ లేదు, నురుగూ లేదు. ఆ తీపిని సారాంశంగానూ వాయువుగానూ మార్చే పని ఈస్టుది. ఈస్టు అంటే కంటికి కనిపించని ఏకకణ జీవి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరో వంతుకి మించదు. తీపి దొరికితే తింటుంది, మొగ్గ తొడిగి పిల్లని పెడుతుంది.

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళు ఒక్కసారికి సాధారణంగా 5 గాలన్లు, అంటే మన లెక్కలో 19 లీటర్లు చేస్తారు. మామూలు రకం బీరుకి వాళ్ళ కొలత ఏమిటంటే, కషాయం ఒక మిల్లీలీటరుకి, తీపి ఒక్కో డిగ్రీకి, ఏడున్నర లక్షల ఈస్టు కణాలు. తీపి 12 డిగ్రీలుంటే 19 లీటర్లకి ఎన్ని కావాలో గుణించి చూడండి. 17,100 కోట్లు వస్తుంది! చల్లటి చోట పులియబెట్టే లాగర్ రకానికయితే దానికి రెట్టింపు. దుకాణంలో దొరికే ద్రవరూపపు ఈస్టు పొట్లంలో, తాజాగా ఉన్నప్పుడు, దాదాపు 10,000 కోట్లుంటాయి. పొట్లం పాతబడిన కొద్దీ బతికున్నవి తగ్గిపోతూంటాయి.

చాలకపోతే ఏమవుతుంది? వెయ్యిమంది భోజనాలకి ఇద్దరు వంటవాళ్ళని పెడితే ఏమవుతుందో అదే. పని ఆలస్యంగా మొదలవుతుంది. ఈలోగా గాలిలోంచీ గిన్నెలోంచీ పిలవని పేరంటాళ్ళు వచ్చి విస్తళ్ళ ముందు కూచుంటారు. ఉన్న ఇద్దరూ అలిసిపోయి మధ్యలో చేతులెత్తేస్తారు. బీరు పులిసీ పులియక, వాసన వేసి, రోజంతా నిలబడి కాచిన 19 లీటర్లూ నేలపాలవుతాయి. అందుకని అసలు పనికి రెండు రోజుల ముందే చిన్న గిన్నెలో ఈస్టుని మేపి, సంఖ్య పెంచి, అది ప్రాణంతో ఉందని కళ్ళారా చూసుకుని, అప్పుడు పెద్ద గిన్నెలో వేస్తారు. దీన్నే వాళ్ళు స్టార్టర్ అంటారు. మన మాటలో తోడు.

ఎలా పెడతారో చెబుతాను. లీటరు నీళ్ళకి నూరు గ్రాముల మాల్టు పొడి. అచ్చం హార్లిక్స్ వాసన వేస్తుంది. ఆ రెండూ కలిపి పది పదిహేను నిమిషాలు మరిగిస్తారు. పక్కనుంచి కదలకూడదు సుమండీ! పాలలాగే చెప్పకుండా పొంగి పొయ్యి మీద పడుతుంది. వేడికి ఓర్చే గాజయితే బుడ్డిలోనే కాచవచ్చును. మామూలు గాజు పగులుతుంది. మరిగాక బుడ్డిని మంచునీళ్ళలో పెట్టి, ముట్టుకుంటే వేడి తెలియనంతవరకూ, అంటే 20 నుంచి 25 డిగ్రీల దాకా చల్లారుస్తారు. వేడిమీద వేస్తే ఈస్టు చచ్చిపోతుంది. చల్లారాక ఈస్టు వేసి, మూతి మీద రేకు వదులుగా కప్పుతారు. బిరడా బిగిస్తే లోపల పుట్టే వాయువుకి దారి లేక సీసా పేలుతుంది.

అటు వెళుతూ ఇటు వస్తూ బుడ్డిని గిరగిరా తిప్పుతూండాలి. గాలి తగిలితే ఈస్టు తన కణాలకి గట్టి పొరలు కట్టుకుంటుంది, పిల్లలు బాగా పెరుగుతాయి. మా అక్క కొడుకు ఇంత శ్రమ పడడు. బుడ్డిలో చిన్న అయస్కాంతపు పుల్ల వేసి, తిరిగే బల్ల మీద పెట్టి నిద్రపోతాడు. అది రాత్రంతా తనే తిరుగుతూంటుంది.

"పొడి కొనడమెందుకు, పంచదార పాకం వెయ్యకూడదా?" అని అడిగాను. కూడదట. వట్టి పంచదారలో ఈస్టు ఒళ్ళు పెరగడానికి కావలసిన సత్తువ లేదు. పైగా దాని మీద పెరిగిన ఈస్టుకి మాల్టులోని చక్కెర తినే అలవాటు తప్పుతుంది. పానకం పోసి పెంచిన పిల్లవాడి ముందు రాగి సంకటి పెడితే మొహం తిప్పుకోడూ? పాకం మరీ చిక్కగా ఉండకూడదు కూడా. ఇక్కడ చూసుకోవలసింది రుచి కాదు, సంఖ్య.

ఒకటి ఒకటిన్నర రోజులు గడిచేసరికి ద్రవం మబ్బు పట్టినట్టవుతుంది. పైన నురుగు కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. తిప్పడం మానేస్తే అడుగున మీగడరంగు మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డే ఈస్టు. వాసన కొత్త రొట్టెలా ఉండాలి. వెనిగరులా ఘాటు కొట్టినా, కుళ్ళు వాసన వేసినా పారబొయ్యడమే. వాసన బాగుంటే ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, మడ్డి బాగా దిగాక, పైన తేరిన నీటిని వంపేసి, అడుగునున్నది మాత్రం బీరు కషాయంలో కలుపుతారు.

చూశారా అమ్మా! మీరు పారబోసినదాన్లో చాలావరకు మీ అబ్బాయి కూడా పారబోసేదే. విలువయినదల్లా అడుగున ఉన్న ఆ వేలెడు మడ్డి. బుడ్డిని అంత శుభ్రంగా తోమకుండా ఉండి ఉంటే, గాజుకి అంటుకున్న కాస్తతోనైనా మళ్ళీ మేపుకునేవాడు. మన ఆడవాళ్ళ శుభ్రం ఒక్కొక్కసారి ఇలాంటి పని చేస్తుంది. పోయింది రెండు రోజుల శ్రమా, ఒక పొట్లం ఈస్టూ. అసలు కషాయం అతను ఇంకా కాచనేలేదు. అదేమీ పాడవలేదు. తొందరుంటే పొడి ఈస్టు పొట్లాలున్నాయి, వాటిలో కణాలు దండిగా ఉంటాయి గనక వాటికి తోడు పెట్టే పనే ఉండదు.

ఇక కోడలి మాట. ఆ అమ్మాయి ఊరడించడానికి అనలేదు, ఉన్నదే చెప్పింది. మీరు రోజూ చేసేది ఒకసారి వరసగా తలుచుకోండి. పాలు కాస్తారు. ఎందుకు? పాలల్లో అంతకుముందే ఉన్న సూక్ష్మజీవులు చచ్చేందుకు. గోరువెచ్చగా చల్లారుస్తారు. నిన్నటి పెరుగు చెంచాడు వేస్తారు. మూతపెట్టి కదపకుండా వదిలేస్తారు. మీ అబ్బాయి కూడా కాచాడు, చల్లార్చాడు, తోడు వేశాడు, మూతపెట్టాడు. ఖాళీ చేసిన ఇంట్లోకి మనకి కావలసినవాళ్ళని ముందుగా, మందగా పంపితే తరవాత వచ్చేవాళ్ళకి చోటుండదు. రెండింటిలోనూ కిటుకు ఇదే.

తేడా లేకపోలేదు. పాలని తోడు పెట్టేవి ఈస్టు కాదు, బాక్టీరియా. ఈస్టుకన్నా చాలా చిన్నవి. అవి పాలలోని చక్కెరని ఆమ్లంగా మారుస్తాయి, ఆ పులుపుకి పాలు గడ్డ కడతాయి. వాటికి 40, 45 డిగ్రీల వెచ్చదనం హాయి. బీరు ఈస్టుకి ఆ వేడి పనికిరాదు. ఇడ్లీపిండికయితే మనం తోడే వెయ్యం. పప్పునీ బియ్యాన్నీ అంటిపెట్టుకుని ఉన్నవే పిండిని పొంగిస్తాయి. తాటిచెట్టు మీద కల్లు సంగతీ అంతే. లొట్టిలోకి దిగే తియ్యటి నీరు గంటల్లో కల్లవుతుంది. గాలిలోవీ, పాత లొట్టికి పట్టుకున్నవీ అయిన ఈస్టులే దానికి తోడు. ఆ పని జరక్కుండా నీరాగానే దింపాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. ఇక మన తాతమ్మల తరవాణి కుండ మాటేమిటి? అడుగున కొంత ఉంచి, రోజూ అన్నం గంజీ పోస్తూ, ఆ కుండని ఏళ్ళ తరబడి నడిపించిన ఇళ్ళున్నాయి. అది తోడు కాక మరేమిటి?

తోడుకి సంస్కృతంలో పాత మాట ఒకటుంది. కిణ్వం. పులియడాన్ని మన పాఠ్యపుస్తకాలు కిణ్వ ప్రక్రియ అంటాయే, అది అక్కణ్ణించి వచ్చినదే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మద్యశాలల అధికారి గురించి ఒక అధ్యాయం ఉంది. కిణ్వం ఎలా చెయ్యాలో అందులో కొలతలతో సహా చెప్పాడు. మినుముల ముద్ద, దానికన్నా మూడో వంతు ఎక్కువ బియ్యం, వాటిలో కొన్ని మూలికలు. మినుమూ బియ్యమూ! మన ఇడ్లీకి పోసే దినుసులే అక్కడ సురకి తోడయ్యాయి. అదే అధ్యాయంలో, గృహస్థులు శుభకార్యాలప్పుడు తెల్లసురనీ, మందుకోసం అరిష్టాన్నీ ఇంట్లో చేసుకోవచ్చునని అనుమతి కూడా ఉంది.

పాశ్చాత్యులకి ఈ తోడు రహస్యం పూర్తిగా తెలిసింది ఈమధ్యనే. పాశ్చర్ 1876లో బీరు మీద ఒక గ్రంథం ప్రకటించి, బీరు చెడిపోవడానికి కారణం అక్కరలేని సూక్ష్మజీవులని చూపించాడు. డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ కంపెనీ స్థాపించిన జాకబ్‌సెన్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆయన 1845లో మ్యూనిక్ నుంచి కోపెన్‌హాగన్‌కి గుర్రపు బండ్లలో ప్రయాణం చేస్తూ, టోపీ పెట్టెలో ఈస్టు డబ్బాలు పెట్టుకుని, బండి ఆగిన ప్రతి మజిలీలోనూ వాటి మీద చన్నీళ్ళు పోస్తూ తీసుకొచ్చాడని చెబుతారు. తోడు పెరుగుని సీసాలో పోసి, గుడ్డ చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని కాపురానికి వెళ్ళిన ఆడపిల్లలు మనలోనూ ఉన్నారు కదూ?

అంత జాగ్రత్తగా తెచ్చిన తోడులోనూ కొన్నాళ్ళకి పరాయి ఈస్టులు చేరి బీరు పాడవసాగింది. అప్పుడు ఆ కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్న హాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు 1883లో ఒకే ఒక్క మంచి కణాన్ని వేరుచేసి, దాని సంతానాన్ని మాత్రమే పెంచి, కలితీలేని తోడు తయారుచేశాడు. జాకబ్‌సెన్ దాన్ని దాచుకోలేదు. అడిగిన ఇతర కంపెనీలకి కూడా ఇచ్చాడు. తోడు అడిగితే లేదనకూడదని మన పెద్దవాళ్ళు అనేవారు, ఆయనకి ఎవరు చెప్పారో!

పడమటి నార్వే పల్లెల్లో రైతులు బీరు తోడుని తరతరాలుగా ఇంట్లోనే నిలవ చేసుకున్నారు. చిన్న చిన్న కొయ్యముక్కలు గుచ్చి చేసిన చక్రాన్ని ఈస్టు మడ్డిలో ముంచి, ఆరబెట్టి, గోడకి తగిలించేవారు. మళ్ళీ బీరు చేసేనాడు దాన్ని కషాయంలో వేస్తే ఈస్టు లేచేది. తమ తోడు చెడిపోతే పొరుగింటి నుంచి తెచ్చుకునేవారు.

ఇక నేరం సంగతి. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978లో కార్టర్ అధ్యక్షుడు సంతకం పెట్టిన చట్టం దారి చూపింది. వయసు వచ్చిన ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరూ అంతకన్నా ఎక్కువమందీ ఉంటే 200 గాలన్ల వరకూ పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాలు కూడా ఒప్పుకోవాలి. చివరగా మిసిసిపీ, అలబామా 2013లో ఒప్పుకున్నాయి. కాబట్టి, అమ్మా, మీ అబ్బాయి అక్కడ చేస్తున్నది దొంగపని కాదు. ఇక్కడ సంగతి వేరు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచెయ్యడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. నేను చెప్పిన లెక్కలు చూసి ఎవరూ ఇక్కడ బుడ్డి పొయ్యి మీద పెట్టకండి!

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన తల్లి భయం పోతుందా? పోదు, పోనక్కరలేదు కూడా. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి కదిలారంటే సరదాకి కాదు. తాగుడు ఎన్ని ఇళ్ళు కూల్చిందో చూసిన కళ్ళు అవి. ఆ కెరటమే పెరిగి 1993లో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ నిషేధమూ వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలింది, భయం మాత్రం సడలలేదు. తయారుచేసే నేర్పు ఎంత ముచ్చటగా ఉన్నా, గ్లాసులోకి వచ్చేది మద్యమే. అది తక్కువగా ఉంటేనే మంచిది, లేకపోతే మరీ మంచిది.

ఆ మాట మీ అబ్బాయితో మీరే చెప్పండి. మనసులో పెట్టుకుని కుమలడమూ వద్దు, కోడలి చేత కబురంపడమూ వద్దు. కాని దానికి ముందు ఒక పని చెయ్యండి. "మళ్ళీ ఎప్పుడు పెడతావురా? నేనూ చూస్తాను" అని అడగండి. నాలుగు రోజులుగా అతను బాధపడుతున్నది పోయిన పొట్లానికి కాదని నా అనుమానం. తను ఇష్టపడి, చదివి, లెక్క వేసుకుని చేసిన పని అమ్మ కంటికి పాడైన చారులా కనిపించిందే అని. మీరు పక్కన నిలబడి చూస్తే, కషాయం పొంగబోతోందని అతనికన్నా ముందు మీకే తెలుస్తుంది. చల్లారిందో లేదో మీ చెయ్యే చెబుతుంది. వాసన సంగతయితే చెప్పనే అక్కరలేదు. చూడ్డం వేరు, మెచ్చుకోవడం వేరు. తాగుడు విషయంలో మీ మాట మీదే. పక్కన కూచుని చెప్పిన తల్లి మాట చెవికెక్కినట్టు, తూము దగ్గర నిలబడి చెప్పిన మాట ఎక్కదు.

అబ్బాయికీ ఒక మాట. వంటింటి గట్టు మీద పెట్టేదేదైనా పేరు రాసి పెట్టాలి బాబూ. "అమ్మా, ఇది తోడు, పారబొయ్యకు" అని తెలుగులో చీటీ అంటిస్తే ఈ ఉత్తరం నాకు వచ్చేదే కాదు. మరో జాగ్రత్త. మిగిలిన మాల్టు కషాయాన్ని, ఈస్టు వెయ్యకుండా, సీసాలో బిగించి బయట నిలవ ఉంచకు. ఉత్త మరుగుకి చావని బీజాలు కొన్ని అందులో విషం పుట్టించగలవు. ఎప్పటికప్పుడు కాచుకోవడమే క్షేమం.

ఇక పెరుగు ఉత్తరాలకి జవాబు. తోడుకోనివాళ్ళు పాలు మరీ చల్లారనివ్వకండి. వేలు పెడితే వెచ్చగా ఓర్చుకునేట్టుండాలి. తోడు వేసి, గిన్నెకి గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో దింపండి. చలికాలంలో తోడు చెంచా ఎక్కువ వేసినా తప్పులేదు. జిగురు వచ్చేవాళ్ళు పాత తోడు పూర్తిగా మానేసి, మంచి పెరుగయ్యే ఇంటినుంచి కొత్త తోడు తెచ్చుకోండి. మరీ పులిసేవాళ్ళు, గడ్డ కట్టగానే గిన్నెని ఫ్రిజ్‌లోకి మార్చండి, తెల్లారేదాకా బయట ఉంచకండి. ఇడ్లీపిండి చలికి పొంగడం లేదని రాసిన ముగ్గురికీ వచ్చే వారం జవాబిస్తాను.